ఎంగిలి పడ్డ ఎముక

రాయి కనిపిస్తే నాలుక ఆనించి చూసే అలవాటు నాకు నలభై ఏళ్ళుగా ఉంది. మా ఆయన దీన్ని "ఉప్పు చూడటం" అంటాడు. పెళ్ళిచూపులనాడే ఈ సంగతి తెలిసి ఉంటే కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయేవాణ్ణని ఇప్పటికీ దెప్పుతుంటాడు. మాది చెన్నూరు, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. మా దిక్కు వాగు గట్లలో డైనోసార్ల ఎముకలు దొరికాయని చిన్నప్పుడే విన్నాను. బడిలో జీవశాస్త్రం చెబుతూ, ఆదివారాలు వాగుల వెంట తిరుగుతూ, రిటైరయ్యేసరికి రెండు బీరువాల రాళ్ళు పోగేశాను. పైఅరల్లో ఎముకలు, పళ్ళు. ఆకు అచ్చులు, గవ్వలు అన్నిటికంటే కింద, చెప్పుల పక్కన.

నా చేతికి వచ్చిన ఎముకకు మూడు పరీక్షలు పెడతాను. మొదటిది నాలుక. పాత ఎముక నిండా సన్నని రంధ్రాలుంటాయి, తడి నాలుక దానికి అంటుకుంటుంది. ఉత్త రాయికి అంటుకోదు. రెండోది భూతద్దం. మూడోది నిప్పు. ఎర్రగా కాల్చిన సూది ఆనిస్తే నకిలీది ప్లాస్టిక్ కంపు కొడుతుంది. ఎముక నాలుగైదు వందల ఏళ్ళదైనా సరే, ఇంకా రాయిగా మారకపోతే, వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. కోట్ల ఏళ్ళు మట్టిలో ఉండి రాయైపోయినదానికి ఏ వాసనా రాదు. వీటన్నిటికంటే పెద్ద పరీక్ష ఇంకొకటుంది. అది ఎక్కడ దొరికిందో నిజం చెప్పే మనిషి కావాలి. ఊరు తెలియని పన్ను ఎంత మెరిసినా నాకు చెప్పుల పక్కకే.

తిరుపతికి అవతల, సత్యవేడు దగ్గర మునిగుట్టపల్లె అనే ఊళ్ళో సుభాషిణి అని ఒక బడిపంతులమ్మ ఉంది. టీచర్ల వాట్సాప్ గుంపులో నా రాళ్ళ ముచ్చట విని, ఒక పెద్ద ఎముక ఫోటో పంపింది. వాళ్ళ నాయన గుట్ట కింద బావి తవ్వినప్పుడు దొరికిందట. ఇప్పుడు ఆ గుట్టను గ్రావెల్ కోసం తవ్వబోతున్నారు. గుట్ట పోతే బావి ఎండుతుంది, బావి ఎండితే వాళ్ళ రెండెకరాలు బీడు పడతాయి. గురువారం ఊరివాళ్ళ అభిప్రాయం వినే సభ ఉంది. "డైనోసార్ ఎముకేనని మీరు వచ్చి ఒక్క మాట చెబితే గుట్ట నిలుస్తాది మేడం" అని రాసింది. సోమవారం సాయంత్రం రైలెక్కాను.

తిరుపతి: కొండెక్కని యాత్రికురాలు

మంగళవారం పొద్దున స్టేషన్ బయట ఒక తోపుడుబండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు, పప్పుచట్నీ, పైన గరిటెడు సాంబారు అడగకుండానే పోసింది బండి ఆమె. మా దిక్కు సాంబారు గిన్నెలో విడిగా ఇస్తారు, ఇక్కడ ఇడ్లీకి స్నానమే.

"యాడ నుంచి వచ్చినారమ్మా? దర్శనం అయ్యిందా?"

"కొండకు పోత లేనమ్మా. ఎముకలు చూసేటందుకు వచ్చిన."

ఆమె గరిటె ఆగిపోయింది. నా నెత్తి వైపు, చేతిసంచి వైపు మార్చి మార్చి చూసింది. "తిరపతికి వచ్చి కొండెక్కకుండా పోతే సామేమీ కోపం చేసుకోడులేమ్మా. మళ్ళా రప్పిస్తాడు, అంతే" అంది. అది దీవెనో బెదిరింపో అర్థం కాలేదు.

నిజానికి ఆ కొండ నన్నూ పిలుస్తూనే ఉంది. అయితే వేరే సంగతికి. ఆ రాయి ఎంత పాతదంటే, అది ఏర్పడేనాటికి భూమి మీద ఎముక అనేదే పుట్టలేదు. తిరుపతి చుట్టూ ఎంత తవ్వినా డైనోసార్ దొరకదు. సత్యవేడు వైపు నేల అట్లా కాదు, అక్కడి రాళ్ళు వయసులో చాలా చిన్నవి, డైనోసార్లు తిరిగిన కాలానివి. అందుకే ఆ ఫోటోను కొట్టిపారేయలేకపోయాను. దొరికితే ఎంత బాగుండునని నాకూ ఆశగానే ఉంది.

చంద్రగిరి: రెండు పళ్ళు

బావిలో ఎముకతో పాటు రెండు పళ్ళు కూడా దొరికాయని, అవి చంద్రగిరిలో వాళ్ళ మామ దగ్గర ఉన్నాయని సుభాషిణి చెప్పింది. ఆ మామ పేరు దొరసామి. కోటకు పోయే దారిలో చిన్న అంగడి, ఇత్తడి దీపాలు, పాత తాళాలు, నాణేలు. మనిషి సన్నగా ఉంటాడు, కళ్ళు మాత్రం ఒకచోట నిలవవు. చెరకురసం తెప్పించి ఇచ్చి, బల్ల కింది నుంచి గుడ్డమూట తీశాడు.

మొదటిది అరచేయంత ముద్ద, పైన వరసగా గట్లు. నాలుక ఆనిస్తే అంటుకుంది. ఇది చీల్చే పన్ను కాదు, కొమ్మలూ గడ్డీ నూరే పన్ను. "ఈ కోటలో ఒకప్పుడు ఏనుగులుండేవా?" అని అడిగాను.

"రాజులుండిన కోట. ఏనుగులు లేకుండా ఉంటాయా?" అన్నాడు. నా ప్రశ్న ఎటు పోతోందో గ్రహించి వెంటనే రెండోది ముందుకు తోశాడు.

రెండోది చూడగానే ముందుకు వంగాను. వేలంత పొడవు, కొనదేలి, కొంచెం వంగి, గోధుమరంగులో మెరుస్తున్న పన్ను. మొదలు ఒక ఇసుక ముద్దలో పాతుకుని ఉంది. భూతద్దంలో పన్ను పైనుండే పింగాణీ పొర నిజమైనదే. దీనికోసం ఎంత దూరమైనా రావచ్చనిపించింది. కానీ ఆ ఇసుక పసుపుపచ్చగా, ఒక్కతీరుగా ఉంది. బావి బురద అట్లా ఉండదు.

"షట్టర్ కొద్దిగా దించుతారా? లైటు వేసి చూడాలి."

ఆయన పూర్తిగా దించేశాడు. లోపల చీకటి. రోడ్డు మీద బస్సు హారన్లు వినిపిస్తున్నాయి గానీ, మేమిద్దరం లోపలున్నామని ఎవరికీ తెలియదు. దొంగనోట్లు పట్టే ఊదారంగు టార్చి వెలిగించాను. పన్నుకూ ఇసుక ముద్దకూ మధ్య ఒక గీత తెల్లగా మెరిసింది. జిగురు.

"దొరసామిగారూ, ఇది మీ బావిలోది కాదు. ఏదో దూరదేశపు ఎడారిలో దొరికిన జంతువు పన్ను. సముద్రంలో బతికినది, డైనోసార్ కూడా కాదు. ఊడిపోయిన మొదలుకు ఇసుక, జిగురు కలిపి అంటించారు."

ఆయన పన్నును తీసుకుని గుడ్డలో చుట్టాడు. 

"మదరాసులో కొన్నాను" అన్నాడు చివరికి. "ఎముక ఒగటే ఉంటే ఎవురు నమ్మతారు? పన్ను కూడా ఉంటే పాప మాటకు బలంగా ఉంటాదనుకున్నా."

"సుభాషిణికి తెలుసా?"

"తెలీదు. సెప్పబాకండి మేడం, మీకు దండం పెడతా. అది నన్ను వాళ్ళ నాయనకంటే జాస్తిగా నమ్మతాది. ఈ పన్ను ఫోటో అర్జీలో కూడా పెట్టేసింది."

షట్టర్ ఎత్తమన్నాను. మోసం చేశాడని కోపం వచ్చింది. కానీ ఆ మోసంలో ఆయనకు పైసా లాభం లేదు. అలాంటివాణ్ణి ఎట్లా తిట్టాలో తెలియలేదు. కోట చూడకుండానే బస్సెక్కాను.

ఎర్రదారి

బుధవారం పుత్తూరు, నాగలాపురం మీదుగా సత్యవేడు బస్సు. దారిలో మెస్‌లో తొంభై రూపాయలకు రాగి సంగటి ముద్ద, వేరుశనగలూ ఎండుమిరపకాయలూ నూరిన ఊరిబిండి పెట్టారు. మా దిక్కు జొన్నరొట్టెను నములుతాం, ఇక్కడ సంగటిని నమలకుండా మింగాలి. నేను నములుతుంటే వడ్డించే ఆయన నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. నేనూ నవ్వేశాను. ఆ రెండు రోజుల్లో తేలిగ్గా నవ్వింది అక్కడే.

సత్యవేడులో సెల్వం అనే ఆటో ఆయన దొరికాడు. "మునిగుట్టపల్లెకా అక్కా? నూట ఎనబై అవతాది. దారి శానా మోసం" అన్నాడు. ఊరికి రెండు కిలోమీటర్లు ఉందనగా ఆ మోసం ఏమిటో తెలిసింది. టిప్పర్లు తిరగడానికి గుట్ట అంచు తవ్వి, ఆ ఎర్ర రాళ్ళనే దారి పొడవునా పోసి పరిచారు. ఎత్తు ఎక్కుతుంటే ఎదురుగా టిప్పర్ వచ్చింది. సెల్వం బ్రేకు తొక్కాడు. ఆటో ఆగలేదు, వెనక్కి, కాలువ వైపు జారసాగింది.

"దిగక్కా! సక్రం కింద రాయి పెట్టు, బిన్నే పెట్టు!"

దూకాను. చేతికందిన పలక రాయి ఒకటి ఎత్తి వెనక చక్రం కిందికి నెట్టాను. చక్రం దాని మీదికెక్కి ఆగింది. రాయి టప్పుమని పగిలిన చప్పుడైంది. టిప్పర్ మా భుజాలు రాసుకుంటూ దాటిపోయింది. ఆ దారిని, ఆ రాళ్ళను, వాటిని పోసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను.

దుమ్ము తగ్గాక చూస్తే మోపెడ్ మీద మీసాలాయన ఒకడు మమ్మల్నే చూస్తున్నాడు. ఆ క్వారీకి మేస్త్రి అని సెల్వం తర్వాత చెప్పాడు.

"ఎవురింటికి మేడం?"

"సుభాషిణి టీచరింటికి."

"ఓ, ఎముకల మేడమా. సూసుకొని పోండి. దారి బాగలేదు." అంతే అన్నాడు. ఊరు చేరేదాకా మా వెనకే వచ్చాడు. ఆ మోపెడ్ చప్పుడు నా వీపు మీదే ఉన్నట్టనిపించింది.

మునిగుట్టపల్లె: ఎంగిలి

రేకుల వసారా ఇల్లు. సుభాషిణి ముప్పై దాటని మనిషి, మాటలో తొందర. వాళ్ళ నాయన మునిరత్నం పంచె ఎగగట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. లోపల గోడవారగా పీట మీద ఎముక ఉంది. కుంచమంత లావు, ఒక కొన గుండ్రంగా, రెండో కొన విరిగి. నాకు ఎముక తప్ప ఇంకేమీ కనపడలేదు. రెండు చేతులా ఎత్తాను, విరిగిన వైపు తిప్పాను, అలవాటు కొద్దీ నాలుక ఆనించాను.

గుమ్మంలో ఇత్తడి చెంబు కింద పడింది.

"అయ్యయ్యో! నాలిక పెట్టేసిందే! సామిని ఎంగిలి సేసేసిందే!"

సుభాషిణి నాయనమ్మ, కన్నెమ్మ అవ్వ. అప్పుడు చూశాను ఎముక మీద పసుపును, మూడు కుంకుమబొట్లను, నా వేళ్ళకంటిన విభూతిని. వాళ్ళకది గుట్ట మీది మునీశ్వరుడి ఎముక. బావిలో నీళ్ళు పడ్డ రోజే దొరికిందని అప్పటినుంచి మొక్కుతున్నారు. సుభాషిణి ఆ సంగతి నాకు రాయలేదు. పీటను చూసైనా నేను గ్రహించలేదు.

మునిరత్నం ముఖం నల్లబడింది. "ఏం మేడం, సదువుకున్నోళ్ళు ఇట్లా సేయొచ్చునా?" అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది.

నైవేద్యం వండేటప్పుడు ఉప్పు కూడా చూడనిదాన్ని నేను. ఎంగిలి గరిటె పప్పులో పెట్టిందని సొంత తోడికోడలితో వారం రోజులు మాట్లాడనిదాన్ని. సిగ్గుతో నేల చూశాను. వాకిట్లో అప్పటికే పదిమంది చేరారు. వాళ్ళ వెనక మేస్త్రి మోపెడ్ ఆగి ఉంది.

అవ్వే దారి చూపింది. "నువ్వే సేసినావు, నువ్వే కడుగు. బాయికాడ తలమీద నీళ్ళు పోసుకో, తడిబట్టతోనే నీళ్ళు తే. పసుపునీళ్ళతో కడిగి, టెంకాయ కొట్టి, కర్పూరం ఇయ్యి."

బావి ఇంటి వెనకే. చేద వేస్తే తాడు రెండు బారలు కూడా పోకముందే నీళ్ళు తగిలాయి, అదీ ఎండాకాలంలో. వెనకే వచ్చిన మునిరత్నం గుట్ట వైపు చూపించాడు. "వాన నీళ్ళు అది తాగి, ఈడ వదలతాది. దాన్ని ఎత్తుకపోతే ఇదెట్లుంటాది మేడం?" ఆ నీళ్ళు నెత్తిన పోసుకుంటుంటే నాకు మొదటిసారి భయం వేసింది. ఎముక గురించి కాదు, రేపు నేను చెప్పబోయే మాట గురించి.

తడిచీరతోనే ఎముకను పసుపునీళ్ళతో కడిగి తుడిచాను, కొబ్బరికాయ కొట్టాను. అవ్వ కర్పూరం వెలిగించి పళ్ళెం నా చేతికిచ్చింది. వేడి పళ్ళెం వేళ్ళను కాలుస్తోంది. మూడోసారి తిప్పేటప్పుడు మంట ఎముక విరిగిన అంచుకు తగిలింది.

వాసన వచ్చింది.

"ఏందిది, ఎంటికలు కాలినట్ల?" అంది అవ్వ.

"మీ కొంగు సూసుకోండి మేడం!" అంది సుభాషిణి గాభరాగా. అందరూ నా కొంగు వెతికారు. నేనూ వెతికినట్టు నటించాను. తడికొంగు ఎట్లా కాలుతుంది? సూదితో చేయాల్సిన పరీక్షను అవ్వ నా చేత హారతితో చేయించింది. గుండ్రటి కొన, బరువు లేకపోవడం, చంద్రగిరిలో చూసిన ఆ గట్ల పన్ను, అన్నీ ఒకే జంతువువి. డైనోసార్ కాదు. ఎప్పుడో చచ్చిపోయిన ఏనుగు.

"కావచ్చు"

పొద్దు వాలేముందు సుభాషిణి బావి గట్టు మీదికి కాగితం తెచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. "ఈ ఎముక డైనోసార్‌ది అని ధ్రువీకరిస్తున్నాను." కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

"అమ్మా, నీకు చెప్పాలి. హారతి అప్పుడు వచ్చిన వాసన నా కొంగుది కాదు, ఎముకది. రాయైపోయిన ఎముక కాలినా వాసన రాదు. ఇది ఏనుగు ఎముక."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "పోనీ, 'కావచ్చు' అని రాయండి మేడం. అంతే చాలు. కావచ్చు అంటే అబద్దం కాదు గదా?"

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. చాలా ఏళ్ళ కింద మా ఊళ్ళో నా స్నేహితురాలు ఒక రాయి తెచ్చి, డైనోసార్ గుడ్డేనా అని అడిగింది. ఆమె సంతోషం చూడలేక "కావచ్చు" అన్నాను. ఆమె దాన్ని బడిలో పెట్టి, నా పేరు రాసి, పెద్దలను పిలిచింది. చూసినవాళ్ళలో రాళ్ళ సంగతి తెలిసినాయన ఒకడు అందరిముందూ నవ్వాడు. ఉత్త గుండ్రాయి అది. ఆమె తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ కథంతా సుభాషిణికి చెప్పాను. చెప్పక తప్పదని పన్ను సంగతి కూడా చెప్పాను.

"మా మామా? లేదు. మామ అట్లా చేయడు."

"నీ కోసమే చేసిండు."

ఆమె కళ్ళనిండా నీళ్ళు. "ఇంత దూరం వచ్చి ఇదా మేడం మీరు సెప్పేది? రేపు పొద్దున సభ! మా తావ ఇంకేముండాది?"

"బావి ఉంది. అది నిజం. రేపు వాళ్ళు ఈ పన్ను అబద్ధమని పట్టుకుంటే, బావి కూడా అబద్ధమే అంటరు."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలికి పోయింది. రాత్రి సంగటి నాకే ముందు వడ్డించారు, మర్యాద తగ్గలేదు. కానీ వడ్డించి అందరూ లోపలికి పోయారు. ఈసారి నమలకుండానే మింగాను. ఒక్క మాటతో వాళ్ళ రెండెకరాలు పోగొడుతున్నానేమో అనిపించింది.

చక్రం కింద

గురువారం పొద్దున సెల్వం ఆటోలో ముగ్గురం బయల్దేరాం, నేను, సుభాషిణి, మునిరత్నం. ఆమె నా వైపు చూడటం లేదు. అదే దిగుడు దగ్గర సెల్వం "దిగి నడవండక్కా, మళ్ళా జారతాది" అన్నాడు.

నడుస్తుంటే నిన్న నేను చక్రం కింద పెట్టిన పలక రాయి కనిపించింది. బరువుకు మధ్యకు చీలి, పుస్తకం తెరిచినట్టు రెండు ముక్కలై పడి ఉంది. లోపల ఏదో చార. వంగి తీశాను. నడుమ ఒక ఈనె, దానికి రెండు వైపులా దువ్వెన పళ్ళలాగా దగ్గర దగ్గరగా సన్నని ఆకులు. రెండో ముక్కలో దాని అచ్చు.

దారి మధ్యలోనే కూర్చుండిపోయాను. ఆ ఆకును నేనెరుగుదును. మా వాగుల్లోనూ దొరుకుతుంది. నా బీరువాలో కింది అరలో, చెప్పుల పక్కన పడేసి ఉంది. డైనోసార్లు బతికిన కాలపు చెట్టు ఆకు అది. పది కోట్ల ఏళ్ళు దాటిన ఆకును, ఎముకల కోసం వచ్చిన నేను, ఆటో చక్రం కింద పెట్టాను.

తడిస్తే ఈనెలు తేటపడతాయి. నోటి దాకా తీసుకుపోయి, చప్పున ఆగి, సుభాషిణి వైపు చూశాను.

"కానీండి మేడం" అంది. ఆ పొద్దున ఆమె పలికిన మొదటి మాట. "ఈడ అవ్వ లేదులే."

షామియానా కింద

మండల కేంద్రంలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఉక్కపోత. బల్ల వెనక అధికారి, ఒక పక్క క్వారీవాళ్ళు. సుభాషిణి పేరు పిలవగానే వాళ్ళలో ఒకడు "ఏదమ్మా, ఆ డైనోసార్ వచ్చిందా? ఆటోలోనేనా?" అన్నాడు. నవ్వులు. మునిరత్నం తల వంచుకున్నాడు.

నేను లేవబోయాను. ఆమె నా చేయి పట్టి కూర్చోబెట్టి, తానే నిలబడింది.

"సార్, మా అర్జీలో మూడో కాగితం తీసేయండి. ఆ పన్ను మా బావిలోది కాదు. ఎముక కూడా డైనోసార్‌ది కాదంట, ఏనుగుదంట. నాకు నిన్ననే తెలిసినాది."

నవ్వులు ఇంకా పెరిగాయి. ఆమె కూర్చోలేదు. ఏ నెలలో బావిలో ఎన్ని బారల్లో నీళ్ళుంటాయో, గుట్ట కింద ఎన్ని బావులున్నాయో ఒక్కొక్కటే చెప్పింది. నవ్వులు తగ్గాయి. అప్పుడు నన్ను చూసింది.

రాయి రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాను. ఆకు కాలం చెప్పాను. అధికారి అటూ ఇటూ తిప్పి చూశాడు. క్వారీవాళ్ళలో పెద్దమనిషి లేచి, "సార్, ఆ పన్ను మాదిరి ఇది కూడా యాడనో కొన్నదే అయ్యుంటాది" అన్నాడు.

ఎక్కడ దొరికిందో చెప్పడానికి ఉన్నది మేమే, మా మాట విలువ ఇంతకుముందే పోయింది. సెల్వం ఎక్కడో ఆటో దగ్గర ఉన్నాడు.

"నిన్న దారిలో మీ టిప్పర్ వచ్చినప్పుడు ఆటో చక్రం కింద పెట్టిన రాయి సార్ ఇది. ఆయన చూసిండు" అని వెనక వరసలోని మీసాల మేస్త్రిని చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. ఆయన వాళ్ళ మనిషి.

అందరూ తిరిగి చూశారు. మేస్త్రి లేచి నిలబడ్డాడు. పెద్దమనిషి అతన్ని కళ్ళతోనే కూర్చోమంటున్నాడు. మేస్త్రి బల్ల దాకా వచ్చి, ముక్క చేతికి తీసుకుని, బొటనవేలితో అంచు గీకాడు.

"గుట్టదే సార్" అన్నాడు. "అడుగు పొర రాయి. నేనే పరిపించినాను. ఈ మేడం సక్రం కింద పెట్టింది నేను సూసినాను." పెద్దమనిషి వైపు చూడకుండా, "మా వల్ల ఆటో కాలవలో పడిపోయుండేది" అని, పోయి కూర్చున్నాడు.

ఆ మనిషిని నేను నిన్నంతా రౌడీ అనుకున్నాను. ఊరిదాకా వెనక వచ్చింది మళ్ళీ ఆటో జారుతుందేమోననేమో. అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది.

రాళ్ళ సంగతి తెలిసిన శాఖవాళ్ళు వచ్చి గుట్టను చూసేదాకా ఏ నిర్ణయమూ ఉండదని అధికారి రాసుకున్నాడు. ఒక ముక్క తన దగ్గర ఉంచుకుని, రెండోది సుభాషిణికి ఇచ్చాడు. ఆ ముక్క నాకిస్తే బాగుండునని మనసు కొట్టుకుంది. ఇన్నేళ్ళ పోగేసే పిచ్చి ఎక్కడికి పోతుంది?

తడ

సుభాషిణి నన్ను తడ దాకా వచ్చి బస్సెక్కించింది. హైవే పక్క హోటల్లో పులికాట్ సరస్సు చేపల వేపుడు తిన్నాం, ప్లేటు నూట ఇరవై. సగంమంది తెలుగు, సగంమంది అరవం, సర్వర్ ఒకే వాక్యంలో రెండూ. శ్రీ సిటీ ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు వరసగా పోతున్నాయి. ఆమె మామకు ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. "మామా, ఆ పన్ను పారేయబాక, దాచి పెట్టు. అది నిజమైన పన్నేనంట" అని, ఏడుస్తూ నవ్వింది.

ఏనుగని తెలిస్తే అవ్వ ఏమంటుందోనని నేను అడిగాను. "పొద్దున మీరు ఆటో ఎక్కినాక సెప్పేసినా. ఏనుగైతే ఇంకా మంచిదే, వినాయకుడు గదా అనింది."

ఇంటికొచ్చి నెల దాటింది. మొదట చేసిన పని, కింది అరలోని ఆకు రాళ్ళను పైకి పెట్టడం. చెప్పులకు వేరే చోటు చూడమని మా ఆయనకు చెప్పాను. గుట్ట సంగతి ఇంకా తేలలేదు. శాఖవాళ్ళు వచ్చి ఒక రోజంతా తిరిగి, ముక్కలు ఏరుకుని పోయారట. టిప్పర్లు మాత్రం ఆగి ఉన్నాయి. ఆ దారి పొడవునా మా చక్రాల కింద ఎన్ని ఆకులు నలిగాయోనని ఇప్పటికీ లెక్క వేస్తుంటాను.

మొన్న సుభాషిణి నుంచి మెసేజ్ వచ్చింది. "మేడం, అవ్వ ఆ ఆకు రాయిని కూడా పీట మీద పెట్టింది. దీనికి కూడా ఆ మేడం నాలిక పెట్టిందా అని అడగతా ఉండాది. ఏం చెప్పమంటారు?"

పెట్టానని రాశాను.

మరునాడు ఫోటో వచ్చింది. పసుపునీళ్ళతో కడిగిన రాయి, పక్కన కొట్టిన టెంకాయ, పళ్ళెంలో మండుతున్న కర్పూరం, మంట సరిగ్గా రాయి అంచుకు తగులుతూ ఉంది. కింద సుభాషిణి రాసింది: "ఏ వాసనా రాలేదు మేడం."